పిక్ అప్: ఫోన్ ఎత్తడం నుంచి పసిగట్టడం దాకా సమగ్ర మార్గదర్శి

ఫోన్ పికప్ చెయ్యడు, బండికి పికప్ లేదు, సెకండాఫ్‌లో సినిమా పికప్ అయింది, మీ వాడు లెక్కల్లో పికప్ అవ్వాలి. తెలుగులో ఈ మాట ఎంతగా కలిసిపోయిందంటే, ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడా మన పద్ధతిలోనే వాడేస్తాం. తడబాటు అక్కడే మొదలవుతుంది. తెలుగులో ‘పికప్’ నామవాచకం. పక్కన ‘చెయ్యి’ అనో ‘అవ్వు’ అనో చేరిస్తే పనైపోతుంది. ఇంగ్లిష్‌లో అది రెండు ముక్కల క్రియ. కాలం మారితే ‘పిక్’ రూపం మారుతుంది. కర్మ వచ్చిందంటే ‘అప్’ స్థానం మారుతుంది.

దీనికి నిఘంటువులు పది పదిహేను అర్థాలు ఇస్తాయి. వాటిని బట్టీ పట్టేకన్నా, కర్మ ఉందా లేదా, ఉంటే ఎక్కడ పెట్టాలి అన్న రెండు సంగతులు ముందు చేతికి తెచ్చుకుంటే అర్థాలు వాటంతటవే సర్దుకుంటాయి. అందుకే ఇక్కడ వ్యాకరణం ముందు, అర్థాలు తర్వాత.

1. కర్మ ఉందో లేదో చూడండి

‘దేనిని?’ లేదా ‘ఎవరిని?’ అని అడిగి చూడండి. జవాబు దొరికితే కర్మ ఉన్నట్టు. పార్సిల్‌ని తీసుకురావడం, అమ్మని స్టేషన్ నుంచి తీసుకురావడం, తమిళాన్ని వంటబట్టించుకోవడం, జలుబుని అంటించుకోవడం, వీటన్నిటికీ కర్మ ఉంది. గాలి పెరగడం, వ్యాపారం పుంజుకోవడం, ఫోన్ మోగితే ఎత్తడం, వీటికి కర్మ లేకపోయినా వాక్యం నిలుస్తుంది: ‘ద విండ్ ఈజ్ పికింగ్ అప్’, ‘సేల్స్ హావ్ పిక్డ్ అప్’, ‘హి ఈజ్ నాట్ పికింగ్ అప్’.

మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తెలుగు ‘పికప్ అయ్యాడు’. ‘కొత్త కుర్రాడు పని త్వరగా పికప్ అయ్యాడు’ అంటాం. దాన్నే ‘ద న్యూ బాయ్ పిక్డ్ అప్ క్విక్లీ’ అని పెడితే, ఫోన్ వెంటనే ఎత్తాడని అర్థమవుతుంది. నేర్చుకోవడం అనే అర్థంలో కర్మ తప్పనిసరి. ‘హి పిక్డ్ ఇట్ అప్ క్విక్లీ’ అనాలి. ఇంటర్వ్యూలో ‘ఐ పిక్ అప్ ఫాస్ట్’ అనేవాళ్లు చాలామంది. ‘ఐ పిక్ థింగ్స్ అప్ క్విక్లీ’ అంటే మాట సరిగ్గా కుదురుతుంది.

చదువులో వెనకబడ్డవాడు ‘పికప్ అవ్వాలి’ అన్నప్పుడు చిక్కు ఇంకొకటి. మార్కులు పుంజుకోవచ్చు కాబట్టి ‘హిజ్ మార్క్స్ నీడ్ టు పిక్ అప్’ సరే. మనిషి మాత్రం పిక్ అప్ కాడు, మిగతావాళ్లని అందుకోవాలి. దానికి ఇంగ్లిష్‌లో మాట వేరు: ‘హి నీడ్స్ టు క్యాచ్ అప్’.

2. కర్మని దాని చోటులో పెట్టండి

కర్మ మామూలు నామవాచకమైతే రెండు చోట్లా పెట్టొచ్చు. ‘పిక్ అప్ ద పార్సిల్’, ‘పిక్ ద పార్సిల్ అప్’ రెండూ ఒప్పే, అర్థంలో తేడా లేదు.

కర్మ సర్వనామమైతే ఆ స్వేచ్ఛ ఉండదు. మీ, యూ, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్, ఈ ఏడూ పిక్‌కీ అప్‌కీ మధ్యలోనే కూర్చోవాలి. ‘ఐ విల్ పిక్ యూ అప్’ ఒప్పు, ‘ఐ విల్ పిక్ అప్ యూ’ తప్పు. ‘కెన్ యూ పిక్ ఇట్ అప్?’ ఒప్పు, ‘కెన్ యూ పిక్ అప్ ఇట్?’ తప్పు. ఈ ఒక్క సూత్రం నోటికి పట్టించుకుంటే సగం తప్పులు పోతాయి. నియమం గుర్తుండటం వేరు, మాట్లాడేటప్పుడు నోట్లోంచి రావడం వేరు కాబట్టి ‘పిక్ మీ అప్, పిక్ హిమ్ అప్, పిక్ హర్ అప్, పిక్ దెమ్ అప్’ అని గుక్క తిప్పుకోకుండా పైకి అనడం సాధన చెయ్యండి. కళ్లతో చదివితే ఇది రాదు.

కర్మ పొడుగ్గా ఉంటే అప్‌ని పిక్ పక్కనే ఉంచెయ్యండి. ‘పిక్ అప్ ద పార్సిల్ దట్ కేమ్ ఫ్రమ్ గుంటూరు ఎస్టర్‌డే’ హాయిగా ఉంది. అప్‌ని చివరికి తోస్తే, వినేవాడు అంతదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ‘నన్నూ మా తమ్ముణ్ణీ’ లాంటి జంట వచ్చినప్పుడు ‘పిక్ మై బ్రదర్ అండ్ మీ అప్’ అనొచ్చు. దానికన్నా ‘పిక్ అస్ అప్’ తేలిక.

పాలు అయిపోయాయి, వచ్చేటప్పుడు కాసిని తెమ్మనాలంటే ‘కెన్ యూ పిక్ సమ్ అప్?’ ఇక్కడ ‘సమ్’ కూడా మధ్యలోకే వచ్చింది. ‘కెన్ యూ పిక్ మీ అప్ ఎ కాఫీ?’ అన్న వాక్యం విన్నా కంగారు పడొద్దు. నన్ను ఎక్కించుకోమని కాదు, నాకోసం ఒక కాఫీ తెమ్మని అడుగుతున్నారు. చివర్లో వస్తువు పేరు ఉంది చూశారా, అదే గుర్తు.

కొన్ని కూర్పులు విడిపోవు. ‘పిక్ అప్ స్పీడ్’ని మామూలుగా ఎవరూ చీల్చరు. ‘పిక్ అప్ ఆన్’, ‘పిక్ అప్ ఆఫ్టర్’ అన్నప్పుడు అప్ తర్వాత ఇంకో చిన్న మాట ఉంది కాబట్టి సర్వనామమైనా ఆ చివరికే వెళుతుంది: ‘ఐ పిక్డ్ అప్ ఆన్ ఇట్’.

3. కాలం, ఉచ్చారణ

భూతకాలంలో మార్పు పిక్‌కే. ‘పికప్డ్’ అనే మాట లేదు. రాతలో ‘పిక్డ్ అప్’ అనే అనిపిస్తుంది గానీ, క తర్వాత వచ్చే ఆ ముగింపు పలికేటప్పుడు ట అవుతుంది. అది అప్‌తో కలిసి ‘పిక్టప్’ అని వినిపిస్తుంది. ‘పిక్డ్ ఇట్ అప్’ అంతా కలిపి ‘పిక్టిటప్’. అమెరికన్ సినిమాలో ఇదేమిటో అర్థం కాకపోవడానికి కారణం మాట తెలియకపోవడం కాదు, మూడు మాటలు ఒక్కటైపోవడం.

‘డిడ్’ వచ్చాక మళ్లీ భూతకాలం వద్దు. ‘హి డిడంట్ పిక్డ్ అప్’ తప్పు, ‘హి డిడంట్ పిక్ అప్’ ఒప్పు. వర్తమానంలో ‘షి పిక్స్ హర్ సన్ అప్ ఎట్ ఫోర్’. కర్మణి ప్రయోగంలో కూడా అప్‌ని వదలకూడదు: ‘ద పార్సిల్ వాజ్ పిక్డ్ అప్ దిస్ మార్నింగ్’.

నొక్కి పలకడం ఇంకో సంగతి. క్రియగా వాడి, మధ్యలో సర్వనామం ఉన్నప్పుడు బలం అప్ మీద పడుతుంది. చివర్లో నామవాచకం ఉంటే బలం దాని మీదికి పోతుంది. నామవాచకంగా వాడితే బలం పిక్ మీద ఉంటుంది. మనం తెలుగులో పలికే ‘పికప్’ ఈ మూడో రకానికి దగ్గర. అందుకే క్రియగా వాడినా అదే ధోరణిలో, అప్‌ని మింగేసి పలుకుతాం.

రాసేటప్పుడు క్రియని రెండు మాటలుగా రాయాలి. నామవాచకమైతే అమెరికన్లు ఒకే మాటగా, బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా మధ్యలో చిన్న గీతతో రాస్తారు. కొరియర్ ట్రాకింగ్ తెరిస్తే నామవాచకం, క్రియ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ‘పికప్ షెడ్యూల్డ్’ అని ఉంటే నామవాచకం, మీ ఇంటికి మనిషి రావాల్సి ఉంది. కాసేపటికి ‘పిక్డ్ అప్’ అని మారితే క్రియ, సరుకు వాళ్ల చేతికి వెళ్లిపోయింది.

4. అర్థాలు, ఎక్కడ ఏది

ఎత్తడం, తీయడం. నేల మీద పడ్డ పెన్ను, ఏడుస్తున్న పిల్లాడు, తాళాలు. ఇది తేలిక. దీనికి వ్యతిరేకం ‘పుట్ డౌన్’.

ఫోన్. ఇక్కడ మన అలవాట్లు మూడు మార్చుకోవాలి. ‘ఫోన్ లిఫ్ట్ చెయ్యడం లేదు’ నుంచి వచ్చిన ‘హి ఈజ్ నాట్ లిఫ్టింగ్ ద ఫోన్’ మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకి మాత్రం, అతను ఫోన్‌ని గాల్లోకి ఎత్తలేకపోతున్నాడన్నట్టు ఉంటుంది. రెండోది ‘హి ఈజ్ నాట్ పికింగ్ మై కాల్’. ఇక్కడ అప్ పోయింది. అప్ లేని పిక్ అంటే ఎంచుకోవడం, కోయడం. మూడోది ‘కట్ ద కాల్’, దానికి ‘హ్యాంగ్ అప్’ అనాలి. అన్నిటికన్నా నికరమైనది, చిన్నది: ‘ఐ కాల్డ్, బట్ హి డిడంట్ పిక్ అప్’. కాల్ అన్న మాట కచ్చితంగా కావాలంటే ‘ఆన్సర్’ వాడండి: ‘హి డిడంట్ ఆన్సర్ మై కాల్’.

మనుషుల్ని తీసుకురావడం. ‘ఐ విల్ కమ్ టు రిసీవ్ యూ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ అని మనం అంటే, అక్కడివాళ్లు ‘ఐ విల్ పిక్ యూ అప్ ఫ్రమ్ ది ఎయిర్‌పోర్ట్’ అంటారు. ‘ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ అన్నా ఒప్పే. దీనిలోనూ అప్ ఎగిరిపోవడం మామూలే: ‘ఐ విల్ పిక్ యూ ఎట్ ఎయిట్’ అంటే ఎనిమిదింటికి మిమ్మల్ని ఎంపిక చేస్తానని. మన ‘పిక్ అండ్ డ్రాప్’ కూడా దక్షిణాసియా ఇంగ్లిషే, మిగతాచోట్ల ‘పిక్ అప్ అండ్ డ్రాప్ ఆఫ్’. బ్రిటన్‌లో పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవడానికి ‘కలెక్ట్’ కూడా బాగా వాడతారు.

ఒక జాగ్రత్త. ‘పిక్ అప్’కి పరిచయం లేని అమ్మాయినో అబ్బాయినో మాటల్లో పెట్టి దగ్గర చేసుకోవడం అనే అర్థం కూడా ఉంది. ‘ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్ ఎస్టర్‌డే’ అంటే ఎదుటివాళ్లు అదే అనుకుంటారు. ‘ఐ పిక్డ్ అప్ మై కజిన్ ఫ్రమ్ ద స్టేషన్’ అంటే ఏ గొడవా లేదు. ఎవరిని, ఎక్కడినుంచి అన్నది చెప్పేస్తే చాలు. అమెరికాలో బడి వదిలే వేళకి కార్లు బారులు తీరే వరస ‘పికప్ లైన్’. పరిచయం కోసం విసిరే చమత్కారపు మాట కూడా ‘పికప్ లైన్’. సందర్భం చూసుకోకపోతే నవ్వులపాలు.

పోలీసులు పిక్ అప్ చేశారంటే మాత్రం లిఫ్ట్ ఇచ్చారని కాదు. మనం ‘పోలీసులు ఎత్తుకెళ్లారు’ అంటామే, అచ్చంగా అదే.

దారిలో కొనడం, తెచ్చుకోవడం. పెద్ద కొనుగోళ్లకి వాడరు. ఇంటికి వస్తూ పాలు, బ్రెడ్డు, మందులు తెచ్చుకోవడానికి ఇది సరైన మాట. చవగ్గా దొరికినవాటికి కూడా: ‘ఐ పిక్డ్ దిస్ అప్ ఫర్ టూ హండ్రెడ్’. ఇల్లు కొన్నప్పుడు ‘బాట్’ అనండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకి పనికొచ్చే ముచ్చట ఒకటి: మందుల షాపులో అడుగు పెట్టగానే ‘పికింగ్ అప్ ఆర్ డ్రాపింగ్ ఆఫ్?’ అని అడుగుతారు. సిద్ధంగా ఉన్న మందులు తీసుకోవడానికా, కొత్త చీటీ ఇవ్వడానికా అని. ‘పికింగ్ అప్’ అనగానే పేరు, పుట్టినతేదీ అడుగుతారు.

నేర్చుకోవడం. దీనిలో చిన్న మెలిక ఉంది. కూర్చుని పుస్తకం పట్టి చదివినదానికి మామూలుగా ‘లర్న్’ వాడతారు. చుట్టూ వింటూ, చూస్తూ వంటబట్టిందానికి పిక్ అప్. శ్రీకాకుళం నుంచి చెన్నై వెళ్లి రెండేళ్లలో తమిళం మాట్లాడేస్తున్నాడంటే ‘హి పిక్డ్ అప్ తమిళ్ ఫ్రమ్ హిజ్ నెయిబర్స్’. యాసలు, ఊతపదాలు, వంట కిటుకులు, చెడ్డ అలవాట్లు అన్నీ ఇలా వచ్చేవే. డిగ్రీలు రావు. ‘ఐ పిక్డ్ అప్ బీటెక్ ఇన్ వరంగల్’ అంటే దారిలో దొరికితే తెచ్చుకున్నట్టుంటుంది.

జబ్బు అంటుకోవడం. జలుబు, ప్రయాణంలో తగిలిన కడుపు ఇన్ఫెక్షన్ లాంటివి సరే. అంటుకోని జబ్బుకి వాడకూడదు. ‘ఐ పిక్డ్ అప్ షుగర్ లాస్ట్ ఇయర్’ అంటే, పోయిన సంవత్సరం చక్కెర కొన్నానని అర్థం. ‘ఐ వాజ్ డయగ్నోజ్డ్ విత్ డయబెటిస్’ అనాలి.

అందుకోవడం, పసిగట్టడం. యంత్రం శబ్దాన్ని, సిగ్నల్‌ని అందుకుంటే కర్మతో పిక్ అప్: ఆన్‌లైన్ మీటింగ్‌లో ‘యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ ద ఫ్యాన్’ అంటే, మీ ఫ్యాన్ చప్పుడు మాకు వినిపిస్తోందని మర్యాదగా చెప్పడం. మనుషులు పైకి చెప్పని సంగతిని గమనిస్తే ‘పిక్ అప్ ఆన్’. ‘షి సెడ్ నథింగ్, బట్ ఐ పిక్డ్ అప్ ఆన్ ఇట్’ అంటే ఆమె నోరు విప్పకపోయినా నేను పసిగట్టాను అని. ‘ఆన్’ వదిలేసి ‘ఐ పిక్డ్ ఇట్ అప్’ అంటే వస్తువేదో తీసినట్టు మారిపోవచ్చు.

పుంజుకోవడం. కర్మ ఉండదు. సంక్రాంతి ముందు బట్టల షాపుల్లో అమ్మకాలు, తుపాను ముందు గాలి, నెమ్మదిగా మొదలైన కథ, జబ్బుపడ్డాక ఆరోగ్యం. తెలుగు ‘పుంజుకుంది’ పెట్టి చూడండి, కుదిరితే పిక్ అప్ కూడా దాదాపు కుదురుతుంది. మన ‘సెకండాఫ్ పికప్ అయింది’కి ‘ద మూవీ పిక్స్ అప్ ఇన్ ద సెకండ్ హాఫ్’ సరిగ్గా అతుకుతుంది. దీనికి వ్యతిరేకం ‘డ్రాప్ ఆఫ్’. మనిషిని దించడానికీ, అమ్మకాలు పడిపోవడానికీ అదే మాట. బండి పికప్‌కి మాత్రం నేడు ఎక్కువగా వినిపించేది ‘ఆక్సిలరేషన్’.

ఆఫీసు మాటలు. ‘లెట్స్ పిక్ దిస్ అప్ టుమారో’ అంటే ఆపినచోటు నుంచి రేపు కొనసాగిద్దామని. రేపు ఏదో తీసుకోవాలేమో అని కొత్తవాళ్లు ఎదురుచూస్తారు. ‘పిక్ అప్ ద స్లాక్’ అంటే ఒకరు వదిలేసిన పని మిగతావాళ్లు నెత్తిన వేసుకోవడం. ‘పిక్ అప్ ద ట్యాబ్’ అంటే మొత్తం బిల్లు కట్టడం, మీ వాటా మీరు కట్టుకుంటే అది వర్తించదు. పార్ట్‌టైమ్ చేసే విద్యార్థులకి ‘కెన్ యూ పిక్ అప్ ఎ షిఫ్ట్?’ అన్న మెసేజ్ వస్తుంది, అదనంగా ఒక షిఫ్టు చేస్తావా అని. ఇంట్లో అయితే ‘పిక్ అప్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్’, చెల్లాచెదురు చేసిందంతా నువ్వే సర్దుకో అని.

5. ఎక్కడ వాడకూడదు

మాటల్లో, చాట్‌లో, మామూలు ఈమెయిల్‌లో ఎంతైనా వాడండి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో సందర్భానికి అతికేలా రెండు మూడుసార్లు వస్తే సహజంగా ఉంటుంది. అదే పరీక్షలో అకడమిక్ రైటింగ్ వ్యాసం, ప్రాజెక్ట్ రిపోర్ట్, రెజ్యూమె రాసేటప్పుడు సూటి మాట మేలు: పుంజుకోవడానికి ‘ఇంప్రూవ్’ లేదా ‘రికవర్’, తీసుకోవడానికి ‘కలెక్ట్’, నేర్చుకోవడానికి ‘అక్వైర్’, అందుకోవడానికి ‘డిటెక్ట్’, కొనసాగించడానికి ‘రెజ్యూమ్’, జబ్బుకి ‘కంట్రాక్ట్’. వీటిని తిరగేసి మాటల్లో వాడితే ఇంకా ఎబ్బెట్టు. ‘ఐ విల్ కమ్ టు కలెక్ట్ మిల్క్’ అని ఎవరూ అనరు.

పోలికగా కనిపించే ఇతర మాటలతో కలపొద్దు. ‘పిక్ ఔట్’ చాలావాటిలోంచి ఎంచడం, చీరల షాపులో చేసే పని. ‘పిక్ ఆన్’ ఒకరినే పట్టుకుని ఏడిపించడం. ‘టేక్ అప్’ కొత్త హాబీనో కోర్సునో మొదలుపెట్టడం, అంతేగాని నేర్చేసుకోవడం కాదు. ‘బ్రింగ్ అప్’ పిల్లల్ని పెంచడం లేదా ప్రస్తావన తేవడం.

6. సాధన

కింది తెలుగు వాక్యాలకి జవాబు చూడకుండా పైకి చెప్పండి. రాసుకోవద్దు, నోరే తిరగాలి.

నేను మూడుసార్లు చేశాను, తను ఎత్తలేదు. ‘ఐ కాల్డ్ త్రీ టైమ్స్, బట్ షి డిడంట్ పిక్ అప్.’ కర్మ అక్కర్లేదు, ‘డిడంట్’ తర్వాత ‘పిక్డ్’ రాలేదు.

మమ్మల్ని బస్టాండ్ నుంచి తీసుకెళ్తావా? ‘కెన్ యూ పిక్ అస్ అప్ ఫ్రమ్ ద బస్ స్టాండ్?’ ‘పిక్ అప్ అస్’ అని వస్తే రెండో భాగం మళ్లీ చదవండి.

హిందీ హైదరాబాద్‌లో ఉండగా వచ్చేసింది. ‘ఐ పిక్డ్ అప్ హిందీ వైల్ లివింగ్ ఇన్ హైదరాబాద్.’ సర్వనామంతో అంటే ‘ఐ పిక్డ్ ఇట్ అప్’.

వ్యాపారం ఇంకా పుంజుకోలేదు. ‘బిజినెస్ హాజంట్ పిక్డ్ అప్ యెట్.’ ఇక్కడ ‘హాజంట్’ ఉంది కాబట్టి ‘పిక్డ్’ ఉండాలి, మొదటి వాక్యంతో పోల్చి చూసుకోండి.

వాడికి ఇష్టం లేదని నేను పసిగట్టలేదు. ‘ఐ డిడంట్ పిక్ అప్ ఆన్ ద ఫ్యాక్ట్ దట్ హి డిడంట్ లైక్ ఇట్.’ ‘ఆన్’ తర్వాత నేరుగా ‘దట్’ పెడితే వాక్యం విరిగిపోతుంది కాబట్టి మధ్యలో ‘ద ఫ్యాక్ట్’ వచ్చింది.

మందులు తీసుకున్నావా? ఆ, తీసుకున్నాను. ‘డిడ్ యూ పిక్ అప్ ద మెడిసిన్స్?’ ‘యెస్, ఐ పిక్డ్ దెమ్ అప్.’ ప్రశ్నలో అప్ ముందు, జవాబులో అప్ వెనక. ఈ జంటని పార్సిల్, తాళాలు, పిల్లలు, టికెట్లతో మార్చి మార్చి అంటుంటే, ఆలోచించకుండానే ‘దెమ్’ మధ్యలోకి రావడం మొదలవుతుంది.